లాహోర్ మిరాసీ ఎవరిది?

2025 మే తొలి ఎనిమిది రోజుల్లో సరిహద్దుకు ఇటూ అటూ రెండు నిర్ణయాలు వెలువడ్డాయి. మే 1న పాకిస్తాన్ ప్రసార సంస్థల సంఘం ఆ దేశపు ఎఫ్ఎం రేడియోల్లో భారతీయ పాటలు ఆపేసింది. సమాచార మంత్రి ఆ దేశభక్తిని బహిరంగంగా మెచ్చుకున్నాడు. మే 8న భారత సమాచార, ప్రసార శాఖ ఓటీటీ వేదికలకు సలహా అనే పేరుతో ఒక హుకుం పంపింది. పాకిస్తాన్‌లో పుట్టిన సినిమాలు, సీరియళ్లు, పాటలు, పాడ్‌కాస్టులు తొలగించాలన్నది దాని సారాంశం. పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని పొట్టన పెట్టుకున్న తర్వాత రెండు దేశాలూ యుద్ధం అంచున నిలబడ్డ రోజులవి. ఆ హోరులో ఈ ఉత్తర్వులను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మే 10న కాల్పులు ఆగాయి. పాటల మీద యుద్ధం మాత్రం ఆ రోజుతో ముగియలేదు.

లాహోర్ రేడియోల్లో అలా మూగబోయిన గొంతుల్లో మహమ్మద్ రఫీది ఒకటి. 1924లో అమృత్‌సర్ దగ్గరి కోట్లా సుల్తాన్‌సింగ్‌లో పుట్టిన రఫీ చిన్నతనంలోనే కుటుంబంతో లాహోర్ చేరాడు. వాళ్లది క్షౌరవృత్తి. పాట నేర్చింది లాహోర్‌లో, రేడియోలో తొలిసారి పాడింది లాహోర్‌లో, 1944లో గుల్ బలోచ్ అనే పంజాబీ చిత్రంతో సినీ గాయకుడయింది కూడా లాహోర్‌లోనే. ఆ నగరం తాను పెంచిన బిడ్డ గొంతును పరాయి సరుకని ముద్రవేసి తలుపు మూసింది. ఢిల్లీ చేసింది కూడా అంతకన్న వివేకమైన పనేమీ కాదు. భారతీయ సినిమా పాటకు నడక నేర్పిన నగరాల్లో ఒకటైన లాహోర్ నుంచి ఇప్పుడు వచ్చే పాట ఏదైనా శత్రువుదేనని అది తీర్మానించింది.

రెండు రాజ్యాలూ లాహోర్ నాటకానికీ సినిమాకూ సంగీతానికీ వారసులమని చెప్పుకుంటాయి. వారసుడికి ఆస్తిని కాపాడే బాధ్యత కూడా ఉంటుంది. 78 ఏళ్లుగా ఇస్లామాబాద్, ఢిల్లీ చేసిన పని అది కాదు. అవసరం వచ్చినప్పుడల్లా ఆ ఆస్తిని తగలబెట్టి, బూడిదను దేశభక్తి పేరిట నుదుట పెట్టుకోవడమే వాటికి అలవాటయింది. అందులో ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని తూకం వేయడం ఎవరికైనా సులువే. కష్టమైనది సొంత ప్రభుత్వాన్ని అడగడం.

తెలుగువారికి మిరాసీ అనే మాట కొత్త కాదు. తాతముత్తాతల నుంచి సంక్రమించిన హక్కు మిరాసీ, ఆ హక్కు గలవాడు మిరాసీదారు. గ్రామాల్లో అది గౌరవ పదం. వారసత్వమనే అర్థమున్న అరబ్బీ మూలం నుంచే ఆ మాట పంజాబుకూ వెళ్లింది. అక్కడ మాత్రం మిరాసీలంటే పాటనూ వాద్యాన్నీ వంశావళుల జ్ఞాపకాన్నీ తరతరాలుగా మోసిన వృత్తి కులం. పెళ్లిలో వాళ్ల పాట లేనిదే శుభం జరగదు. పెళ్లయ్యాక వాళ్ల పేరే తిట్టుమాట. లాహోర్ కళావారసత్వం గురించి మాట్లాడే ఎవరైనా మొదట ఈ వైరుధ్యం దగ్గర ఆగాలి. వారసత్వాన్ని మోసినవాడి పేరు తిట్టుగా మిగిలింది. మోయనివాడు దానికి హక్కుదారుడయ్యాడు.

ఆ నగరం ఏమిచ్చిందో ఒకసారి లెక్క చూడాలి. 1901 మే 5న విష్ణు దిగంబర్ పలుస్కర్ లాహోర్‌లో గాంధర్వ మహావిద్యాలయం ప్రారంభించాడు. ఆయన మరాఠీ బ్రాహ్మణుడు. పుట్టింది దక్షిణ మహారాష్ట్ర సంస్థానంలో. సంగీతాన్ని రాజుల కొలువు నుంచీ ఉస్తాదుల గడప నుంచీ బయటికి తెచ్చి, పాఠ్యప్రణాళికతో, జనం ఇచ్చే చందాలతో నడిచే బడిలో నేర్పాలన్నది ఆయన సంకల్పం. ఆ ప్రయోగానికి ఆయన ఎంచుకున్న చోటు పూనా కాదు, బొంబాయి కాదు, లాహోర్. ఆ తర్వాత 1916లో లాహోర్ విద్యాలయానికి ప్రిన్సిపాల్‌గా వచ్చినవాడు గుజరాత్ నుంచి ఎదిగిన ఓంకార్‌నాథ్ ఠాకూర్. అదే నగరంలో తకియా మిరాసియాన్ అనే చోట ముస్లిం ఉస్తాదులు కూడి పాడేవారు. ఊరికి వచ్చిన కొత్త గాయకుడు అక్కడి పెద్దల ముందు నెగ్గుకొస్తేనే గాయకుడు. పలుస్కర్ బడిలో రాగాన్ని పుస్తకంలోకి ఎక్కించారు, తకియాలో దాన్ని గొంతులో నిలిపారు. రెండూ ఒకే ఊళ్లో, ఒకే తరంలో జరిగాయి. ఆ ఊరి నుంచి ఎదిగిన సంగీతాన్ని హిందువుల సంగీతమని, ముసల్మానుల సంగీతమని విడదీయబోయేవాడికి అసలు సంగీతమే తెలియదు.

నాటకానిదీ అదే కథ. ఐర్లండ్ నుంచి వచ్చిన నోరా రిచర్డ్స్ 1910లలో లాహోర్ విద్యార్థుల చేత పంజాబీ జీవితం మీద పంజాబీలోనే నాటకాలు రాయించింది. ఆమె శిష్యుడు ఈశ్వర్ చందర్ నందా ఆధునిక పంజాబీ నాటకానికి ఆద్యుడయ్యాడు. గవర్నమెంట్ కాలేజీ విద్యార్థి ఇంతియాజ్ అలీ తాజ్ 1922లో ఉర్దూలో అనార్కలి నాటకం రాశాడు. అప్పటి నాటక కంపెనీలు మార్పులు చేస్తేనే ఆడతామన్నాయి, ఆయన ఒప్పుకోలేదు. ఈ కథకు చరిత్రలో ఆధారం లేదని కూడా ఆయనే ముందుమాటలో నిజాయితీగా రాసుకున్నాడు. లాహోర్‌లో ఒక సమాధి ఉంది, ఒక బజారు ఉంది, జనం నోట ఒక కథ ఉంది. ఆ మూడింటి నుంచి ఆయన ఉపఖండానికంతటికీ ఒక ప్రేమకథను కట్టాడు.

ఆ నాటకం ఎంత దూరం ప్రయాణించిందో చెబితే, లాహోర్ గురించి తెలుగు పాఠకుడు ఎందుకు పట్టించుకోవాలన్న ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. 1928లోనే అనార్కలి కథ మీద మూకీ చిత్రాలు వచ్చాయి. 1953లో హిందీ అనార్కలి వచ్చింది. 1955లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అంజలీదేవి, అక్కినేని నాగేశ్వరరావు తెలుగు అనార్కలిలో నటించారు, ఎస్వీ రంగారావు అక్బరు. 1958లో పాకిస్తాన్‌లో నూర్‌జహాన్ అనార్కలి అయింది. 1960లో కె. ఆసిఫ్ మొఘల్-ఎ-ఆజం వచ్చింది. అందులోని అద్దాల మందిరం లాహోర్ కోటలోని శీష్‌మహల్‌కు ప్రతిబింబం. 1979లో ఎన్టీ రామారావు అక్బర్ సలీమ్ అనార్కలి తీసినప్పుడు సంగీతం కూర్చింది 1953 హిందీ చిత్రానికి బాణీలిచ్చిన సి. రామచంద్ర, బాలకృష్ణకు గొంతిచ్చింది మహమ్మద్ రఫీ. లాహోర్‌లో పుట్టిన కథను, లాహోర్‌లో పాట నేర్చిన గాయకుడు, సి. నారాయణరెడ్డి తెలుగు మాటల్లో పాడాడు. ఆ పాట ఏ దేశానిదో మంత్రిత్వ శాఖల గుమాస్తాలు తేల్చగలరా?

సినిమా లెక్క మరింత పెద్దది. 1920ల చివర ఎ. ఆర్. కర్దార్, ఎం. ఇస్మాయిల్ అనే ఇద్దరు మిత్రులు ఉన్నదంతా అమ్ముకొని రావీ రోడ్డులో చిత్ర నిర్మాణ సంస్థ పెట్టారు. 1941లో దల్‌సుఖ్ పంచోలీ నిర్మించిన ఖజాంచీ దేశమంతటా ఆడింది. అందులో మాస్టర్ గులాం హైదర్ పంజాబీ ఢోలక్ దరువును సినిమా పాటలోకి తెచ్చాడు, శంషాద్ బేగం గొంతు ఇంటింటికీ చేరింది. మరుసటి ఏడాది అదే సంస్థ తీసిన ఖాందాన్‌లో నూర్‌జహాన్ కథానాయిక, ప్రాణ్ కథానాయకుడు. ఆ తర్వాత బొంబాయిలో లతా మంగేష్కర్ గొంతు పనికిరాదని కొందరు తోసేసినప్పుడు ఆమె పక్షాన నిలిచి మజ్బూర్‌లో పాడించినది కూడా ఆ గులాం హైదరే. 1946లో తొలి కాన్ చిత్రోత్సవంలో అగ్ర పురస్కారం పొందిన చిత్రాల్లో ఒకటైన నీచా నగర్ దర్శకుడు చేతన్ ఆనంద్ లాహోర్ గవర్నమెంట్ కాలేజీలో చదివినవాడు, కథానాయిక కామినీ కౌశల్ లాహోర్ ఆడపిల్ల. బల్‌రాజ్ సాహ్నీ, దేవ్ ఆనంద్ చదివిందీ ఆ కాలేజీలోనే. ఓ. పి. నయ్యర్, యశ్ చోప్రా పుట్టింది ఆ నగరంలో. బొంబాయి సినిమా అని ప్రపంచం పిలిచే దానిలో సగం వెన్నెముక లాహోర్ నుంచి వచ్చింది.

1947లో ఆ వెన్ను విరిగింది. గీత గీసింది రాడ్‌క్లిఫ్. నిప్పు పెట్టింది మాత్రం గుంపులు. రూప్ కె. షోరీ స్టూడియో అల్లర్లలో కాలిపోయింది, ఆయన బొంబాయి వెళ్లిపోయాడు. పంచోలీ కూడా వెళ్లిపోయాడు. బొంబాయి నుంచి వచ్చిన నూర్‌జహాన్ దంపతులకు పాకిస్తాన్ ప్రభుత్వం కాలిన షోరీ స్టూడియోను కేటాయించింది, అది షాహ్‌నూర్ స్టూడియో అయింది. అటు అమృత్‌సర్ స్వర్ణమందిరంలో తరతరాలుగా గురుబాణీ పాడిన రబాబీలు లాహోర్‌కు కొట్టుకొచ్చారు. వాళ్లు ముసల్మానులు, గురునానక్ వెంట రబాబు పట్టుకొని నడిచిన మర్దానా వారసులమని చెప్పుకునేవారు. కొత్త దేశంలో వాళ్ల కీర్తన వినే సంగత్ లేదు. పాత దేశంలో వాళ్లకు గుడి తలుపు తెరుచుకోలేదు. దేశ విభజనలో ఎవరికెంత భూమి దక్కిందో లెక్కలున్నాయి. రబాబీలు పోగొట్టుకున్నదానికి ఏ దస్తావేజులోనూ గడి లేదు.

ఇంతవరకు జరిగింది ఉన్మాదమనుకుంటే, ఆ తర్వాత జరిగింది విధానం. అందులో తొలి ముద్దాయి పాకిస్తాన్ రాజ్యమే. బొంబాయి వదిలి 1948లో లాహోర్ చేరిన మంటోను అది కోర్టు బోనెక్కించింది. కథ రాసిన నేరానికి విచారణల చుట్టూ తిరుగుతూ, తాగుడుతో చితికి, 1955 జనవరిలో ఆయన పోయాడు. సాహిర్ లుధియాన్వీ మీద వారంటు వచ్చింది, 1949లో ఆయన లాహోర్ నుంచి ఢిల్లీకి పారిపోయాడు. 1954లో జాల్ అనే భారతీయ సినిమా రాకను ఆపాలని లాహోర్ చిత్ర పరిశ్రమ వీధికెక్కింది, పలువురు సినీ ప్రముఖులు అరెస్టయ్యారు. సొంత పరిశ్రమ బతకాలంటే పోటీ ఆగాలన్న వాళ్ల భయం అర్థం చేసుకోదగినదే. కాని ఆ సినిమా ఎవరిది? కథానాయకుడు లాహోర్ కాలేజీలో చదివిన దేవ్ ఆనంద్. పాటలు రాసింది అయిదేళ్ల కింద లాహోర్ నుంచి తరిమివేయబడ్డ సాహిర్. లాహోర్ తన నీడను చూసి తానే రాయి విసిరింది.

1965 యుద్ధం తర్వాత భారతీయ సినిమాల మీద పాకిస్తాన్‌లో పూర్తి నిషేధం వచ్చింది. నిషేధం వల్ల లాహోర్ స్టూడియోలు బతికాయని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. కొన్నేళ్లు బతికిన మాట నిజం. ఆ తర్వాత వాటిని చంపింది బొంబాయి కాదు, జియా ఉల్ హక్. 1977లో గద్దెనెక్కిన ఆ సైనిక నియంత 1979 చలనచిత్ర ఆర్డినెన్సుతో, సెన్సారు కత్తితో, నీతి పేరిట వేసిన ఆంక్షలతో పరిశ్రమ ఊపిరి తీశాడు. వీడియో క్యాసెట్ వచ్చింది. థియేటర్లో నిషిద్ధమైన హిందీ సినిమా దొంగ టేపుల్లో ప్రతి ఇంటి నట్టింట్లోకీ నడిచింది. అంటే నిషేధం సినిమాను ఆపలేదు, దాని మీద వచ్చే పన్నునూ టిక్కెట్టు డబ్బునూ థియేటర్ కూలీ జీతాన్నీ మాత్రమే ఆపింది. చివరికి 2006లో మొఘల్-ఎ-ఆజంను ప్రత్యేక అనుమతితో అక్కడ ప్రదర్శించారు. తాజ్ ఊరి కథ తాజ్ ఊరికి చేరడానికి 46 ఏళ్లు పట్టింది. 2019లో మళ్లీ తలుపులు మూశారు.

ఆ చీకటి రోజుల్లో కూడా లాహోర్ కళాకారులు చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1984లో మదీహా గౌహర్ అజోకా అనే నాటక బృందాన్ని స్థాపించింది. సైనిక పాలనలో హాలు దొరకదు కనుక తల్లి ఇంటి పచ్చిక మీదే తొలి ప్రదర్శన ఇచ్చింది. ఆ నాటకం కలకత్తా నాటకకర్త బాదల్ సర్కార్ రాసిన జులూస్. భారతీయుడి నాటకంతో పాకిస్తానీ స్త్రీ పాకిస్తాన్ నియంతను ఎదిరించింది. 1986లో గాయని ఇక్బాల్ బానో లాహోర్ అల్‌హమ్రా కళాకేంద్రంలో, సర్కారుకు కంటగింపైన ఫైజ్ అహ్మద్ ఫైజ్ నజ్మ్ పాడితే హాలంతా నినాదమైంది. ఆమె పుట్టి సంగీతం నేర్చింది ఢిల్లీలో. నాటకశాలల మీద ఇప్పటికీ అక్కడ వేలాడుతున్న కత్తి 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం. కలకత్తా రంగస్థలాన్ని అణచడానికి బ్రిటిష్‌వాడు తెచ్చిన చట్టమది. భారతదేశం దాన్ని 2018లో రద్దు చేసింది. స్వతంత్ర ఇస్లామిక్ రిపబ్లిక్‌కు తెల్లదొర చట్టం ఇంకా పవిత్రంగానే ఉంది.

ఇంతవరకు చదివి తృప్తిగా తల పంకించే భారతీయ పాఠకులు కొందరుంటారు. పాకిస్తాన్ సంగతి ఎప్పుడూ ఇంతే అనుకుంటారు. వాళ్లు ఇప్పుడు అద్దంలో చూసుకోవాలి. పాకిస్తాన్ 1965లో చేసిన తప్పును భారతదేశం ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ చేస్తోంది.

1959లో లాహోర్ దర్శకుడు ఎ. జె. కర్దార్ జాగో హువా సవేరా తీశాడు. రచనలో ఫైజ్, కథకు మూలం మాణిక్ బందోపాధ్యాయ బెంగాలీ నవల, చిత్రీకరణ తూర్పు పాకిస్తాన్ నదీతీరంలో, సంగీతం తిమిర్ బరన్, ప్రధాన పాత్రలో కలకత్తా ప్రజానాట్యమండలి నటి తృప్తి మిత్రా. ఉపఖండం తెగిన మూడు ముక్కలు ఒక్క సినిమాలో కలిశాయి. అయూబ్ ఖాన్ సైనిక ప్రభుత్వం ఆ సినిమాను అనుమానంతో చూసింది, విడుదల వద్దని ఒత్తిడి తెచ్చిందని నిర్మాత కుటుంబం చెప్పింది. ఆ తర్వాత చాలా కాలం ఎవరికీ కనిపించకుండా పోయిన ఆ చిత్రాన్ని పునరుద్ధరించి 2016 మేలో కాన్‌లో ప్రదర్శించారు. అదే ఏడాది అక్టోబరులో ముంబయి చిత్రోత్సవంలో చూపాల్సి ఉండగా, ఒక సంస్థ పోలీసులకు ఫిర్యాదు చేసిందని జాబితా నుంచి తీసేశారు. జాలరుల ఆకలి గురించిన 57 ఏళ్ల నాటి సినిమా అది. కమ్యూనిస్టుల పని అని రావల్పిండి జడిసింది, పాకిస్తానీల పని అని ముంబయి జడిసింది. రెండు భయాలకూ పేర్లే వేరు.

దానికి ఏడాది ముందు, 2015 అక్టోబరులో, జగ్‌జీత్ సింగ్ స్మృతికి నివాళిగా గజల్ గాయకుడు గులాం అలీ ముంబయిలో పాడవలసి ఉంది. శివసేన బెదిరింపులతో ఆ కచేరీ రద్దయింది. ఈ గులాం అలీకి తండ్రి ఆ పేరు పెట్టింది బడే గులాం అలీ ఖాన్ మీది అభిమానంతో. పెరిగి ఆ ఉస్తాదు దగ్గరా ఆయన సోదరుల దగ్గరా నేర్చుకున్నాడు. లాహోర్ సంగీతానికి శిఖరమైన ఆ బడే ఉస్తాదుకు పాకిస్తాన్‌లో ఆదరణ కరువైనప్పుడు, 1957లో మొరార్జీ దేశాయ్ చొరవతో భారత పౌరసత్వం దొరికింది. 1957లో గురువుకు ఇల్లిచ్చిన నగరం 2015లో శిష్యుడికి ఒక సాయంత్రం ఇవ్వలేకపోయింది. దేశం బలపడిందని చెబుతున్నారు. 1957లో, విభజన గాయం పదేళ్లు కూడా మానని రోజుల్లో ఉన్న ధైర్యం ఈ బలంలో ఎందుకు లేదో వాళ్లే చెప్పాలి.

2019 డిసెంబరులో కాన్పూర్ ఐఐటీ విద్యార్థులు ఫైజ్ నజ్మ్ చదివితే దాని మీద ఫిర్యాదును పరిశీలించడానికి సంస్థ కమిటీ వేసింది. ఇక్బాల్ బానో అల్‌హమ్రాలో పాడిన నజ్మ్ అదే. జియా మనుషులకు అది ఇస్లాం వ్యతిరేకంగా వినిపించింది, కాన్పూర్ ఫిర్యాదుదారుకు హిందూ వ్యతిరేకంగా వినిపించింది. ఒకే కవితలో రెండు దేశాల అధికార గణాలకు తమ మీద నేరారోపణే వినిపించిందంటే ఆ కవి గురి ఎంత సరైనదో తెలుస్తుంది.

ఈ వాదానికి ఎదురయ్యే ప్రశ్నను తప్పించుకోకూడదు. పహల్గాంలో భర్తల్ని, తండ్రుల్ని పోగొట్టుకున్న కుటుంబాల ముందు పాటల గురించి మాట్లాడటం మొరటుతనం కాదా? ఉగ్రవాదాన్ని పోషించే రాజ్యంతో సాంస్కృతిక సంబంధమేమిటి? ప్రశ్న న్యాయమైనది. సమాధానం కూడా న్యాయంగానే ఉండాలి. శిక్ష నేరస్థుడికి తగలాలి. 2008 నవంబరులో లాహోర్ అల్‌హమ్రా ప్రాంగణంలో ప్రపంచ కళోత్సవం జరుగుతుండగా బాంబులు పేల్చింది ఎవరు? పాటను, నాటకాన్ని, ఆడదాని అడుగును పాపమనే మూకలే. 2007లో అజోకా నాటకం బుర్ఖావగంజాను నిషేధింపజేసింది ఎవరు? మత పార్టీల ఒత్తిడే. భారతీయుల మీద తుపాకీ ఎక్కుపెట్టే భావజాలమే లాహోర్ కళాకారుల మీద కూడా ఎక్కుపెట్టింది. లాహోర్ గాయకుడి పాటను తీసేస్తే రావల్పిండి జనరల్‌కు కలిగే నష్టం ఏమిటి? అతడు కోరేదే అది. తన దేశంలో ప్రశ్నించే గొంతుకు సరిహద్దు అవతల వినేవాడు ఉండకూడదని అతడు కోరుకుంటాడు. ఢిల్లీ ఆ కోరిక తీర్చింది.

నిషేధంలో నిజాయితీ ఉందా అంటే అదీ లేదు. ఓటీటీల మీద హుకుం వచ్చిన నాలుగు నెలలకే, 2025 సెప్టెంబరులో, ఆసియా కప్పులో భారత్, పాకిస్తాన్ జట్లు దుబాయిలో మూడుసార్లు తలపడ్డాయి. ఆటగాళ్లు కరచాలనం మానేశారు, ప్రసార హక్కుల సొమ్ము మాత్రం ఎవరూ మానలేదు. క్రికెట్ వెనుక వేల కోట్ల వ్యాపారం ఉంది కనుక దేశభక్తి పక్కకు జరిగి దారిచ్చింది. పాట వెనుక అంత సొమ్ము లేదు కనుక దేశభక్తి దాని మెడ మీద కాలు పెట్టింది. పాకిస్తానీ కళాకారులను భారతదేశంలో పూర్తిగా నిషేధించాలన్న పిటిషన్‌ను 2023లో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. అప్పీలుకు వెళితే ఇంత సంకుచితంగా ఉండవద్దని సుప్రీంకోర్టు మందలించి పంపింది. కోర్టు గుమ్మంలో ఓడిన వాదమే ప్రభుత్వ సలహాపత్రం తొడుక్కొని దొడ్డిదారిన వచ్చింది.

మరో కపటం కూడా ఉంది. అది నిషేధించేవారిది కాదు, నెమరువేసేవారిది. 2024లో లాహోర్ హీరామండీ పేరిట ముంబయిలో కోట్ల ఖర్చుతో సెట్లు వేసి ఒక వెబ్ సిరీస్ తీశారు. ఝుంకాలు, ఝాడీలు, పన్నీటి బుడ్లు, విరహాలు అన్నీ ఉన్నాయి. లాహోర్ లేదు. లాహోర్ మనుషులకు ప్రవేశం లేని దేశంలో లాహోర్ అలంకరణ సరుకుగా అమ్ముడుపోతోంది. అటు లాహోర్ మర్యాదస్తులు పాత హవేలీలను ఆహారశాలలుగా మార్చి, కిటికీలోంచి బాద్‌షాహీ మసీదును చూపిస్తూ వారసత్వమని రేటు కడుతున్నారు. ఆ వీధుల్లో ఠుమ్రీని, దాద్రాను, గజల్‌ను తరాల పాటు నిలిపిన తవాయఫులను, సారంగీ పట్టిన మిరాసీలను పోలీసు దాడులతో తరిమింది కూడా ఈ మర్యాదే. దీన్ని చూసి తెలుగువారు నవ్వుకోనక్కరలేదు. కళావంతుల కుటుంబాలు గుడిలో, మేజువాణీలో నిలిపిన ఆటపాటలను పై కులాల సభావేదికలు స్వీకరించాయి. ఆ కులం పేరును మాత్రం తిట్టుగా మిగిల్చాయి. ఫలం తీసుకొని చెట్టును నరకడం లాహోర్‌కే పరిమితమైన విద్య కాదు.

కనుక సరిహద్దులను ప్రేమ చెరిపేస్తుందన్న తీపి మాటలతో ఈ సమస్య తీరదు. కొవ్వొత్తుల ఊరేగింపులతోనూ తీరదు. అడగవలసినవి నిర్దిష్టమైనవి, ఖర్చు తక్కువైనవి. ఓటీటీలకు పంపిన సలహాపత్రాన్ని ఉపసంహరించాలి. హింసను ప్రేరేపించే దృశ్యశ్రవణాలను అడ్డుకోవడానికి చట్టాలు ఇప్పటికే ఉన్నాయి, దేశం పేరు చూసి పాటను అడ్డుకోవడానికి ఏ న్యాయమూ లేదు. 1947కు ముందు లాహోర్‌లో తయారైన చిత్రాల ప్రతులు, గ్రామఫోను రికార్డులు, రేడియో ధ్వనిముద్రణలు రెండు దేశాల ప్రభుత్వ, ప్రైవేటు భాండాగారాల్లో ఎక్కడెక్కడ మిగిలాయో ఉమ్మడి జాబితా తయారు కావాలి. ఫిల్ము రీలుకు జాతీయత తెలియదు, ఉక్కపోత మాత్రం తెలుసు. అది రాజకీయ నాయకుల సయోధ్య కోసం ఎదురుచూడదు, పొడి పొడి అవుతుంది. నాటక బృందాలకు, సంగీత విద్యార్థులకు వీసాలు యుద్ధకాలపు తలుపుల్లా కాక, ఎప్పుడూ ఒక రెక్క తెరిచి ఉండే తలుపుల్లా ఉండాలి. పాకిస్తాన్ పంజాబ్ తన 1876 చట్టాన్ని చెత్తబుట్టలో వేయాలి. ఆ మాట అడగవలసింది అక్కడి పౌరులు, వాళ్లు జైలుకెళ్లి మరీ ఎన్నో అడిగినవాళ్లే. ఇక్కడి పౌరులు అడగవలసింది ఇక్కడి ప్రభుత్వాన్ని.

తెలుగు నేలకు ఈ వ్యవహారంలో దూరపు బంధుత్వం కాదు, దగ్గరి బాధ్యతే ఉంది. కసూర్‌లో పుట్టి, లాహోర్‌లో ఎదిగి, పాకిస్తాన్‌లో ఇమడలేక భారత పౌరుడైన బడే గులాం అలీ ఖాన్ 1968 ఏప్రిల్‌లో కన్నుమూసింది హైదరాబాద్ బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో. ఆయన సమాధి పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఉంది. బషీర్‌బాగ్‌లో ఒక దారికి ఆయన పేరు పెట్టారు. లాహోర్ సంగీతపు అతి పెద్ద గొంతు తెలుగు నేలలో ఉంది. ఆ గొంతు ఇప్పుడు ఏ దేశానిదని తేలుస్తారు? ఆయన పుట్టిన చోటు చూస్తే పాకిస్తానీ, చనిపోయిన చోటు చూస్తే భారతీయుడు, పాడినది వింటే రెండూ చిన్నమాటలే. ఆయన 1957లో బొంబాయిలో కాక 2025లో ఢిల్లీ తలుపు తట్టి ఉంటే, ఏ అధికారి ఏ సలహాపత్రం చూపించి వెనక్కి పంపేవాడో ఊహించడం కష్టం కాదు. ఆ ఊహకు సిగ్గుపడేవారంతా ఆ పత్రాన్ని వెనక్కి తీసుకొమ్మని ఢిల్లీని అడగాలి. లాహోర్ ఏం చేస్తుందో చూసి అడుగుదామని ఆగనక్కరలేదు.